ఫిబొనాచీ స్థాయిలు: ఛందోగణితం నుంచి ధరల పటం దాకా

షేర్ మార్కెట్ సాంకేతిక విశ్లేషణలో ‘ఫిబొనాచీ రీట్రేస్‌మెంట్’ బహుళ ప్రచారం పొందిన సాధనం. ఒక షేరు ధర 100 రూపాయల నుంచి 200కు పెరిగి దిగడం మొదలుపెట్టిందనుకుందాం. ఆ పెరుగుదలలో 23.6, 38.2, 50, 61.8 శాతం తగ్గిన చోట్ల, అంటే 176.40, 161.80, 150, 138.20 రూపాయల వద్ద, పతనం ఆగవచ్చునని విశ్లేషకులు గీతలు గీస్తారు. మధ్యయుగపు గణితవేత్త పేరు తగిలించడం వల్ల ఈ గీతలకు ఎనిమిది వందల ఏళ్ల ప్రామాణ్యం ఉన్నదన్న భావన కలుగుతుంది. ఆ పేరుకూ ఈ గీతలకూ ఉన్న చారిత్రక సంబంధం ఎంత అన్నదే ఇక్కడ విచారణాంశం.

1, 2, 3, 5, 8, 13 అని సాగే ఈ శ్రేణి భారతదేశంలో ఛందశ్శాస్త్ర సమస్యగా ఎదురైంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నిర్ణీత మాత్రలలో గురులఘువులను ఎన్ని విధాల కూర్చవచ్చు? చివరి అక్షరం లఘువైతే దాని ముందు భాగానికి ఒక మాత్ర తగ్గుతుంది, గురువైతే రెండు తగ్గుతాయి. కనుక ముందరి రెండు సంఖ్యల మొత్తమే తరువాతి సంఖ్య. తెలుగు పద్యం చదివినవారికి ఇది పరాయి విషయం కాదు. కందంలో వాడే గగ, భ, జ, స, నల అనే గణాలు నాలుగు మాత్రలకు సాధ్యమైన అయిదు కూర్పులే, ఆరవది లేదు. ఈ నియమాన్ని విరహాంకుడు ప్రాకృత గ్రంథమైన ‘వృత్తజాతిసముచ్చయం’లో చెప్పాడు. దాని వ్యాఖ్యాత గోపాలుడు, 1150 ప్రాంతంలో ‘ఛందోనుశాసన’ కర్త హేమచంద్రుడు వివరించారు.

పీసా నగరానికి చెందిన లియొనార్డో 1202లో ‘లిబెర్ అబాచీ’ రచించాడు. ఉత్తరాఫ్రికాలోని బుజియాలో చిన్ననాడు నేర్చిన హిందూ అంకెలను లాటిన్ పాఠకులకు బోధించడం దాని ప్రధానోద్దేశం. వస్తువుల వెలలు, నాణేల మారకం, భాగస్వాముల లాభాల పంపకం అందులో విస్తారంగా ఉన్నాయి. వర్తకం గురించి అంత రాసినవాడు ఈ శ్రేణిని మాత్రం కుందేళ్ల లెక్కకే వాడాడు. ఏడాదిలో జతలు 377 అవుతాయని తేల్చి ముందుకు సాగాడు. శ్రేణికి అతని పేరు స్థిరపడింది 19వ శతాబ్దంలో, ఫ్రెంచ్ గణితవేత్త ఎడ్వర్డ్ లూకా వల్ల.

ధరలతో ముడి పడింది 20వ శతాబ్దపు అమెరికాలో. అకౌంటెంటు రాల్ఫ్ నెల్సన్ ఇలియట్ 1938లో తన తరంగ సూత్రాన్ని ప్రకటించి, 1946 నాటి ‘నేచర్స్ లా’లో తరంగాల సంఖ్యలకు ఈ శ్రేణిని ఆధారంగా చూపాడు. 1978లో ఫ్రాస్ట్, ప్రెక్టర్ల పుస్తకం ఆ వాదానికి కొత్త పాఠకులను తెచ్చింది. అసలు 50 శాతం గీత శ్రేణి దూరం సాగినకొద్దీ స్థిరపడే నిష్పత్తులలో లేనే లేదు. డౌ సిద్ధాంతాన్ని వివరిస్తూ రాబర్ట్ రియా 1932లోనే, ప్రధాన చలనంలో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా ధర వెనక్కి రావడం సాధారణమన్నాడు. శ్రేణి ప్రసక్తి లేని ఆ పరిధిలోనే 38.2, 50, 61.8 మూడూ ఇముడుతాయి.

0.618 సైతం ఈ శ్రేణి సొంతం కాదు. 4, 7తో మొదలుపెట్టి ఇదే విధంగా కూడుతూ పోతే 11, 18, 29, 47 వస్తాయి; 29ని 47తో భాగిస్తే 0.617. ఏ రెండు ధన సంఖ్యలతో ఆరంభించినా నిష్పత్తి అక్కడికే చేరుతుంది.

గణిత చరిత్ర దృష్ట్యా వీటిని హేమచంద్ర సంఖ్యలనడం సమంజసమే. విరహాంకుని పేరు పెడితే మరింత సమంజసం. కాని ఆ ప్రాచీనతను చూపి ధరల గీతలకు భారతీయ శాస్త్ర గౌరవం అంటగట్టడం ఈ వ్యాసకర్తకు సమ్మతం కాదు. పూర్వులు లెక్కించినవి మాత్రలు, మదుపుదారుల భయాశలు కావు.

2006లో లండన్ పరిశోధకులు రాయ్ బాచ్‌లర్, రిచర్డ్ రామ్యార్ డౌ జోన్స్ సూచీని పరీక్షించారు. దాని మలుపులు ఈ నిష్పత్తుల వద్ద యాదృచ్ఛికతకు మించి చేరుతున్నాయన్న ఆధారం వారికి దొరకలేదు. ఒకే గీతను అనేకులు చూసి అక్కడే కొనడం వల్ల ధర కాసేపు నిలవడం అసాధ్యమేమీ కాదు. అయితే దాన్ని నిర్ధారించడానికి కావలసింది లావాదేవీల దత్తాంశం. 1202 నాటి గ్రంథం కాదు.