కార్టర్ దవడ, బెండిక్స్ మర

డెట్రాయిట్ నగరం దగ్గర బెల్ ఐల్ దీవి. ఎముకలు కొరికే చలి. ఒకావిడ నడుపుతున్న కాడిలాక్ వంతెన మీద ఆగిపోయింది. ఆ రోజుల్లో కారు ఇంజన్ లేపాలంటే ముందుకొచ్చి, రేడియేటర్ కింద హ్యాండిల్ దూర్చి, ఒంట్లో బలమంతా పెట్టి తిప్పాలి. ఆమె వల్ల కాలేదు. అటుగా వెళ్తున్న ఒకాయన తన బండి ఆపి దిగాడు. పేరు బైరన్ కార్టర్. కార్టర్‌కార్ అనే బండిని తయారుచేసినవాడు. హ్యాండిల్ ఆయనకు కొత్తేమీ కాదు.

ఆమె మాత్రం స్పార్క్ మీటను వెనక్కి జరపడం మరిచిపోయింది. పిస్టన్ పైకి చేరకముందే నిప్పురవ్వ పడింది. పేలుడు పిస్టన్‌ను వచ్చిన దారినే కిందికి తోసింది. హ్యాండిల్ ఎదురు తిరిగి కార్టర్ దవడను పగలగొట్టింది. ఆ గాయం ముదిరి ఆయన ప్రాణమే పోయిందని డెట్రాయిట్ కార్ల లోకం తరతరాలుగా చెప్పుకుంటుంది. కార్టర్ 1908లో కన్నుమూశాడు.

కాడిలాక్ అధిపతి హెన్రీ లేలండ్‌కు కార్టర్ స్నేహితుడు. తన కంపెనీ బండి స్నేహితుడిని బలి తీసుకుందన్న బాధ ఆయన్ని వదల్లేదు. చేత్తో తిప్పే పనే లేకుండా చేయాలని పట్టుబట్టాడు. ఆ పని డేటన్‌లో ఉన్న చార్లెస్ కెటరింగ్ చేతికి వచ్చింది.

ఇంజన్‌ను తిప్పాలంటే మోటారు కూడా ఇంజనంత ఉండాలని అప్పటి పండితుల వాదన. కెటరింగ్ అంతకుముందు దుకాణాల్లో డబ్బు లెక్క చూసే యంత్రానికి కరెంటు మోటారు అమర్చినవాడు. అది క్షణం సేపు పనిచేసి ఆగిపోతే చాలు. కారుకూ అంతే కదా! కొన్ని సెకన్ల పాటే కాబట్టి చిన్న మోటారు మీద శక్తికి మించిన బరువు వేసినా అది కాలిపోదు. 1912 కాడిలాక్‌లు ఆ మోటారుతోనే రోడ్డెక్కాయి.

ఘనత కెటరింగ్‌కు దక్కింది, న్యాయమే. కానీ మామూలు కార్ల దాకా ఈ సౌకర్యాన్ని తెచ్చింది మరో మనిషి. మన మెకానిక్కుల నోట రోజూ పలికే పేరు ఆయనదే.

చిక్కు ఎక్కడంటే, మోటారు కొసన ఉండే పినియన్‌కు పదో పదకొండో పళ్లు. ఫ్లైవీల్ చుట్టూ ఉన్న రింగ్ గేర్‌కు నూరు దాటిన పళ్లు. అందుకే చిన్న మోటారు పెద్ద ఇంజన్‌ను తిప్పగలుగుతుంది. ఇంజన్ అందుకున్నాక ఆ లెక్క తిరగబడుతుంది. ఇంజన్ నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే మోటారు 10,000 చుట్లు తిరగాల్సి వస్తుంది, ఆర్మేచర్ తీగలు చిమ్ముకొస్తాయి. కాబట్టి పని అయిన మరుక్షణం పళ్లు విడిపోవాలి.

విన్సెంట్ బెండిక్స్ సొంత కార్ల కంపెనీ 1909లో మూతపడింది. ఆ దెబ్బ తిన్న మనిషే దీనికి జవాబు పట్టాడు. మోటారు ఇరుసు మీద ఏటవాలు మర కోసి, దాని మీద పినియన్‌ను వదులుగా ఎక్కించాడు. బోల్టును ఉన్నట్టుండి విసురుగా తిప్పితే వదులు నట్టు దానితోపాటు తిరగక మర వెంట జారుతుంది చూడండి, పినియనూ అంతే. మోటారు ఒక్కసారి గిర్రున తిరగగానే అది బద్ధకంగా వెనకబడి, మర వెంట పాకి, రింగ్ గేర్ పళ్లలో దూరుతుంది. ఆ కుదుపును బలమైన స్ప్రింగు భరిస్తుంది. ఇంజన్ అందుకోగానే ఫ్లైవీల్ వేగం పినియన్‌ను మించిపోతుంది, అదే దాన్ని మర మీద వెనక్కి తిప్పి తోసేస్తుంది. మీట లేదు, క్లచ్ లేదు, మనిషి చేయి లేదు. కదలనని మొరాయించే గుణాన్నే పనికి పెట్టిన ఈ ఆలోచన ముందు నేను ఎప్పుడూ తలవంచుతాను. 1914లో షెవ్రొలె బేబీ గ్రాండ్ కారుతో అది జనంలోకి వచ్చింది.

పొన్నై ఒడ్డున తిరువలంలోనైనా, కాట్పాడి, గుడియాత్తం షెడ్లలోనైనా పాత పెట్రోలు అంబాసిడర్ బానెట్ ఎత్తితే కనిపించేది ఈ ఏర్పాటే. స్టార్టర్‌ను ‘సెల్ఫ్’ అంటారు, ఈ భాగాన్ని ‘బెండిక్స్’ అనే అంటారు. సెల్ఫ్ గీమని తిరుగుతూ ఇంజన్ కదలకపోతే పినియన్ మర మీద బిగుసుకుందన్నమాట. ఇక్కడే చాలామంది ఆయిల్ పోస్తారు. దయచేసి పోయకండి. క్లచ్ దుమ్ము ఆ జిడ్డుకు అంటుకుని బంకలా గట్టిపడుతుంది. విప్పి, కిరసనాయిల్‌తో కడిగి, పొడిగా ఆరబెట్టి ఎక్కించాలి. పినియన్ పళ్లలో ఇరుక్కుపోతే టాప్ గేరులో వేసి, సెల్ఫ్ జోలికి పోకుండా బండిని ముందుకూ వెనక్కూ ఊపితే విడిపోతుంది.

రింగ్ గేర్ అరిగితే మొత్తం మార్చాలని తొందరపడనక్కర్లేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగేటప్పుడు దాదాపు ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఒకదాని దగ్గరే ఆగుతుంది. పినియన్ కొట్టేది ఆ పళ్లనే, అరిగేదీ అవే. మిగతావి కొత్తవాటిలా ఉంటాయి. అనుభవమున్న మెకానిక్ రింగును వేడిచేసి ఊడదీసి, పావు చుట్టు జరిపి మళ్లీ వేడి మీదే బిగిస్తాడు. ఆ బండి ఇంకా చాలా ఏళ్లు సెల్ఫ్ మీదే లేస్తుంది.