చేతిపని కాలేజీకెక్కింది, చేసిన చేతులు ఎప్పుడెక్కుతాయి?

 పోస్టు కొంచెం పొడుగే, ఓపికతో చదవండి.

డిజైన్ చదువుతున్నామని చెప్తే ఊర్లో పెద్దోళ్లు రెండు మాటలు అడుగుతారు. "దాంతో నౌకరి వస్తదా?" అనేది మొదటిది. "బొమ్మలు చేసుడు నేర్చుకోనీకి కాలేజీ ఎందుకు, మన ఓజాలు చేస్తలేరా?" అనేది రెండోది. మొదటిదానికి జవాబు కాలమే చెప్తుంది. రెండోదానికి జవాబు చరిత్రలో ఉంది. అందుకే ఇది రాస్తున్నాం.

మన దేశంలో చేతిపనిని ఇప్పటి పద్ధతి స్కూల్లో పెట్టి నేర్పడం తెల్లోళ్ల కాలంలో మొదలైంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మద్రాసులో ఆర్ట్ స్కూలు పెట్టాడు. రెండేళ్లకు దాన్ని సర్కారు తీసుకుంది. తర్వాత 1854లో కలకత్తాలో, 1857లో బొంబాయిలో స్కూళ్లు వచ్చాయి. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో మన దేశపు నేత, నగలు, లోహపు పని చూసి అక్కడివాళ్లే మెచ్చుకున్నారు. అయినా ఇక్కడి స్కూళ్లలో యూరప్ పద్ధతి డ్రాయింగే నేర్పించారు. పనిచేసేవాళ్ల అభిరుచిని తామే బాగుచేయాలని అనుకున్నారు. అంటే పని వచ్చింది ఒకరికి, మార్కులు వేసింది ఇంకొకరు.

దీనికి ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారు. వందేమాతరం ఉద్యమం వేడిలో కోపల్లె హనుమంతరావు గారు మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. అక్కడ పుస్తకం చదువుతో పాటు నేత, వడ్రంగం కూడా నేర్పారు. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర అడివి బాపిరాజు బొమ్మలు నేర్చుకున్నది అక్కడే. చేతిపని కూడా చదువేనని తెలుగు నేల మీద గట్టిగా చెప్పిన కాలేజీ అది.

స్వాతంత్ర్యం వచ్చాక చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు ఇక్కడ తిరిగి 1958లో ఒక రిపోర్టు ఇచ్చారు. అందులో వాళ్లు బాగా మెచ్చుకున్నది మన ఇళ్లల్లో ఉండే చెంబును. దాని రూపం ఏ ఒక్కరూ గీసింది కాదు, తరతరాల చేతుల్లో కుదిరింది అన్నారు. ఆ రిపోర్టు ఆధారంగా 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ మొదలైంది. 2015లో ఆంధ్రప్రదేశ్‌కూ ఒక ఎన్‌ఐడీ వచ్చింది.

ఇంతవరకు చెప్పిన కథలో ఆదివాసీ పేరు ఒక్కటైనా వచ్చిందా? రాలేదు. మన పేరు వినబడింది 1980ల్లో, అదీ కాలేజీ బయట. మన దగ్గర కిక్రి వాయిస్తూ గోండుల కథలు పాడే పర్ధాన్లు ఉన్నారు కదా, ఆ జాతి పిల్లగాడే జన్‌గఢ్ సింగ్ శ్యామ్. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ ఊరు. ఇంటి గోడల మీద ఆయన వేసిన బొమ్మలు చిత్రకారుడు జె. స్వామినాథన్ మనుషుల కంట్లో పడ్డాయి. అప్పుడు ఆయన వయసు ఇరవైకి అటూ ఇటూ, మా అంతే. 1982లో భోపాల్‌లో మొదలైన భారత్ భవన్‌లో పనిచేశాడు. 1989 నాటికి ఆయన బొమ్మలు పారిస్ చేరాయి. 2001లో జపాన్‌లో పనిచేస్తుండగా అక్కడే చనిపోయాడు. ఏ ఆర్ట్ కాలేజీలోనూ చదవని ఆయన గురించి ఇవాళ ఆర్ట్ కాలేజీల్లో పాఠాలు చెప్తున్నారు.

మన ఆదిలాబాద్ డోక్రా సంగతీ అంతే. ఉషేగావ్ ఓజాలు ముందు మట్టితో లోపలి ఆకారం చేస్తారు. దాని మీద మైనం తీగలు చుట్టి, మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారినంక మట్టి అచ్చు పగలగొట్టాల్సిందే. అందుకే ఒక బొమ్మలాంటిది ఇంకోటి ఉండదు. మొహెంజొదారో నాట్యకత్తె బొమ్మ కూడా ఇట్లా మైనం కరిగించి పోతపోసిందే. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. కానీ పని నేర్చుకునే పిల్లగాన్ని అది తయారు చేయలేదు. అది నేర్పేవాళ్లతోనే అయ్యే పని.

మా క్లాసులో డోక్రా స్లైడు వస్తే కింద "ట్రైబల్ ఆర్టిజన్" అని ఉంటుంది. పేరు ఉండదు. పక్క స్లైడులో కుర్చీ చేసినాయనకు మాత్రం పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం అన్నీ ఉంటాయి. మాకు కాలేజీ ఎందుకు అంటే ఇందుకే. ఆ స్లైడు కింద పేరు రాయనీకి, రేపు ఆ పాఠం మనమే చెప్పనీకి.

ఇది కానిపని ఏమీ కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక హైమెన్‌డార్ఫ్ మన ప్రాంతానికి వచ్చాడు. 1943లో మార్లవాయిలో టీచర్ల ట్రైనింగ్ సెంటర్ మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. అంతకుముందు బడి ముఖం చూడని గోండు యువకులు అక్కడ నేర్చుకుని, తమ భాషలో పాఠాలు చెప్పే పంతుళ్లయ్యారు. అక్షరాల్లో అయిన పని మైనం, ఇత్తడిలో ఎందుకు కాదు?

తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఇంటర్‌లో మీది ఏ గ్రూపైనా ఎన్‌ఐడీ డిజైన్ డిగ్రీకి అప్లై చేయొచ్చు. ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ కూడా ఉంది. మన సీటు ఖాళీగా పోనియ్యొద్దు. సీటు వచ్చినా రాకపోయినా ఒక పని మాత్రం చేయండి. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు, మీ ఊర్లో బుట్ట అల్లే అవ్వ పక్కన కూర్చుని ఒక్క బుట్ట మొదటి నుంచి చివరిదాకా ఎట్లా అల్లుతదో రాసుకోండి. పైన ముందుగా ఆమె పేరు రాయండి.