పద్నాలుగు వన్నెల నింద

సంస్కృత ‘వర్ణ’ శబ్దమే తెలుగున ‘వన్నె’ అయినది. రంగు అని ఒక అర్థం, బంగారపు మేలిమి అని మరొకటి. మన పూర్వులకు పదాఱు వన్నెల పసిడి అంటే కల్తీ లేని పసిడి. ఆ వన్నెను తేల్చేది ఒరగల్లు. నగను నల్లరాతిపై గీసి, వన్నె తెలిసిన గీటును పక్కన గీసి, ఆమ్లం చుక్క వేస్తారు. తక్కువ వన్నె గీటు ముందుగా కరిగిపోతుంది. ‘గీటురాయి’ అన్న మాట విమర్శలోకి వచ్చినది ఈ రాతినుండే.

మా ఇంట ఒక జత గాజులున్నవి. 1985లో అక్క పెండ్లికి వాటిని మార్చుదామని నాన్నగారు పట్నం తీసుకువెళ్లారు. వర్తకుడు రాతిపై గీసి, “పద్నాలుగు క్యారెట్లే నండీ” అన్నాడట. నాన్నగారు వాటిని మార్చక తిరిగి తెచ్చారు. అప్పటికి తాతగారు లేరు. గాజులు చేసిన ఆచారి ఏనాడో ఊరు విడిచివెళ్లాడు. “మోసం చేశాడు గనుకనే పారిపోయాడు” అని మా ఇంట తీర్పు వెలువడింది. నేనూ ఆ మాటనే పిల్లలకు చెప్పాను.

ఇటీవల తాతగారి చిట్టా తిరగవేస్తుండగా 1964 నాటి పద్దు కనబడినది: “పద్నాలుగు క్యారెట్ల గాజులు, జత.” చదివి నిర్ఘాంతపోయాను.

1962 చైనా యుద్ధానంతరం విదేశీ మారకద్రవ్యం కొరతపడింది, దొంగ బంగారం పెరిగింది. 1963 జనవరిలో, మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగా ఉండగా, స్వర్ణ నియంత్రణ నిబంధనలు వచ్చాయి. కొత్త నగ పద్నాలుగు క్యారెట్లకు మించరాదు. అంటే ఇరవైనాలుగు పాళ్లలో పద్నాలుగు, నూటికి 58.3 వంతులు. జనం చేయించుకోవడం మానుకున్నారు. దేశమంతటా స్వర్ణకారుల కొలుములు చల్లారాయి. పద్నాలుగు క్యారెట్ల కట్టడి 1966లో తొలగినది. 1968లో వచ్చిన స్వర్ణ నియంత్రణ చట్టం మాత్రం 1990 దాకా నిలిచింది.

ఆచారి మోసగించలేదు, శాసనాన్ని పాటించాడు. పారిపోనూ లేదు, పని లేక వలసపోయి ఉంటాడు. ఆ నిబంధన తీసిన దెబ్బనే మేము అతని నేరానికి సాక్ష్యంగా చూపాము.

కనుక మిత్రులారా, పాత నగ వన్నె తగ్గినదని తేలితే, చేసినవానిని అనే ముందు చేసిన సంవత్సరం విచారించండి. ఇక కొత్తది కొనేటప్పుడు రాతినీ మాటనూ నమ్ముకొనవలసిన పని లేదు. 2000లో మొదలైన హాల్‌మార్కు 2021 జూన్ నుండి విడతలుగా తప్పనిసరి అయినది. త్రికోణపు బి.ఐ.ఎస్. గుర్తు, 22కె916 వంటి వన్నె, ఆరక్షరాల హెచ్.యు.ఐ.డి. సంఖ్య, ఈ మూడూ నగపై ఉండాలి. ఆ సంఖ్యను ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో సరిచూసుకోవచ్చు. 916 అంటే వెయ్యిపాళ్లలో 916 బంగారం. పద్నాలుగు క్యారెట్లకూ నేడు 585 అన్న గౌరవప్రదమైన ముద్ర ఉన్నది.

మరొక మాట. ఇతర లోహం ఎక్కువ కలిసిన బంగారం గట్టిది. అమ్మ ఇరవైరెండు క్యారెట్ల గొలుసు కొక్కెం వద్ద అరిగి దారమైపోయినది. ఆచారి గాజుల మీది లతలు మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

మొన్న మనుమరాలికి ఆ గాజులు తొడిగి, కథను సరిదిద్ది చెప్పాను. క్షమాపణ చెప్పుకొనుటకు ఆయన లేడు.