చెప్పని మాట: ఇమామ్ గజాలీ తర్కంలో మరుగుపడిన వాక్యం

బ్యాంకు ఉద్యోగాలకు, గ్రూప్ పరీక్షలకు చదివే మన యువకులకు "ప్రకటన – ఊహ" అనే ప్రశ్నలు సుపరిచితమే. "గ్రంథాలయాన్ని రాత్రి పది గంటల వరకు తెరచి ఉంచితే పేద విద్యార్థులకు మేలు కలుగుతుంది" అని ఒక ప్రకటన ఇస్తారు. అందులో పైకి చెప్పకుండా అంగీకరించిన విషయమేదో గుర్తించమంటారు. పేద విద్యార్థులలో కొందరైనా ఆ వేళకు రాగలరన్నదే ఆ విషయం. దానిని కాదని చూడండి: ఒక్కరూ రాలేరంటే ప్రకటన కూలిపోతుంది. ఊహను పట్టుకునే ఉపాయం ఇదే.

ఈ విద్య పాశ్చాత్యుల నుండి నిన్నమొన్న వచ్చిందని చాలామంది అనుకుంటారు. దీని మూలం గ్రీకు తత్వవేత్త అరస్తూ గ్రంథాలలో ఉన్నమాట నిజమే. అయితే దానికి పదును పెట్టింది అరబ్బీలో వ్రాసిన పండితులు. ఒక ఆధారవాక్యాన్ని దాచి ఉంచిన వాదాన్ని ఇబ్నె సీనా (మరణం క్రీ.శ. 1037) "జమీర్" అన్నాడు. ఉర్దూలో మనం అంతరాత్మకు వాడే మాటే అది. లోపల దాగినది అని భావం. వాక్యాన్ని విడిచిపెట్టడానికి ఆయన రెండు కారణాలు చూపాడు: అది అందరికీ తెలిసినదై ఉండాలి, లేదా పైకి అంటే దాని అసత్యం బయటపడేదై ఉండాలి.

ఈ రెండవ కారణాన్ని తత్వవేత్తల గదిలో నుండి న్యాయశాస్త్ర పండితుల మధ్యకు తెచ్చినవారు ఇమామ్ గజాలీ (హి. 450–505, క్రీ.శ. 1058–1111). హిజ్రీ 503లో ముగించిన "అల్ ముస్తస్ఫా" ఉసూలె ఫిఖ్హ్ గ్రంథం. దాని ముందు ఆయన తర్కశాస్త్రంపై ఒక పీఠిక చేర్చారు. ఈ గ్రంథం 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఈజిప్టులోని బూలాఖ్‌లో అచ్చయినప్పుడు, అదే పుటల క్రింది భాగంలో లక్నో ఫరంగీ మహల్‌కు చెందిన బహ్రుల్ ఉలూమ్ అబ్దుల్ అలీ వ్యాఖ్యను కూడా ముద్రించారు. ఆ పండితుడు 1810లో మద్రాసులో మరణించాడు. దక్షిణాదికి ఈ చర్చ పరాయిది కాదనడానికి ఈ మాత్రం చెప్పాను.

ఫిఖ్హ్‌లో తర్కమెందుకు? నబీజ్ (ఖర్జూరాలు నానబెట్టి చేసే పానీయం) సంగతి చూడండి. "ఇది మత్తు కలిగిస్తుంది, కనుక హరామ్" అంటాం. "మత్తు కలిగించేదల్లా హరామ్" అన్న వాక్యాన్ని అనము. దానికి హదీసు ఆధారం ఉంది. కాని అసలు వివాదమంతా అక్కడే జరిగింది. ద్రాక్షమద్యం కాని పానీయాలలో నిషేధం మత్తెక్కించే మోతాదుకా, చుక్క మొదలు మొత్తానికా అని కూఫా పండితులకూ, ఇతరులకూ భేదం వచ్చింది. పైకి అన్న వాక్యం దగ్గర ఎవరూ పేచీ పెట్టలేదు.

మోసానికి ఇమామ్ ఇచ్చిన ఉదాహరణ ఇంతకంటె గొప్పది. "ఫలానావాడు నీకు శత్రువు" అని ఒకడు చెబుతాడు. ఎందుకని అడిగితే, "నీ శత్రువుతో మాట్లాడుతుండగా చూశాను" అంటాడు. వినేవాని మనసు వెంటనే రగులుతుంది. ఇక్కడ మింగేసిన వాక్యం ఏమిటి? "శత్రువుతో మాట్లాడే ప్రతివాడూ శత్రువే." దీనిని బయటికి అనివుంటే బుద్ధి మేల్కొనేది: శత్రువుకు హితవు చెప్పడానికీ మాట్లాడవచ్చు, అతనిని ఏమార్చడానికీ మాట్లాడవచ్చు. చాడీ చెప్పేవానికి ఈ సంగతి తెలుసు, అందుకే అనడు. సాక్ష్యం నిజమే, చూసినవాడు అబద్ధమాడలేదు; అయినా ఒక నిర్దోషి తల తెగిపోగలదు. తొమ్మిది వందల ఏళ్ళనాటి ఈ ఉదాహరణ నేటి వదంతులకు ఎంత చక్కగా సరిపోతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

విడిచిపెట్టడం ప్రతిసారీ దోషం కాదు. "అల్ ఖిస్తాసుల్ ముస్తఖీమ్"లో ఇమామ్ ఖుర్ఆన్ వాదాలనే తూచి చూపారు. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం), తానే ప్రభువునని విర్రవీగిన రాజుతో, నా ప్రభువు సూర్యుణ్ణి తూర్పున ఉదయింపజేస్తున్నాడు, నీవు పడమట ఉదయింపజేయమన్నారు (2:258). సూర్యుణ్ణి ఉదయింపజేయగలవాడే ఆరాధ్యుడన్న వాక్యం అక్కడ లేదు. ఆ రాజు కూడా కాదనలేని మాట గనుక దానిని చెప్పే అవసరం లేకపోయింది. ఆయన నోట మాట రాలేదు.

ప్రతి వాదానికీ రెండు ఆధారవాక్యాలు తప్పనిసరి అన్న నియమాన్ని ఇబ్నె తైమియా (మరణం హి. 728, క్రీ.శ. 1328) తార్కికుల ఖండనగా వ్రాసిన గ్రంథంలో తోసిపుచ్చారు. హదీసు తెలిసినవానికి "ఇది మత్తు కలిగిస్తుంది" అన్న ఒక్క మాట చాలు. తెలియనివానికి రెండు కావాలి. మరొకనికి అంతకంటె ఎక్కువ కావచ్చు. ఎన్ని వాక్యాలు కావాలో వినేవాని జ్ఞానాన్ని బట్టి ఉంటుంది. ఈ విషయంలో ఆయన మాటే అనుభవానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

పరీక్షాపత్రం దారి వేరు. వినేవాడెవరో దానికి తెలియదు. అందుకే వాదం నిలబడడానికి తప్పనిసరైన అతి చిన్న మాటనే అడుగుతుంది. పై చాడీనే ప్రశ్నగా ఇస్తే "శత్రువుతో మాట్లాడేవారందరూ శత్రువులే" అన్నది సరైన జవాబు కాదు. వాదానికి అంత పెద్ద మాట అక్కరలేదు. "ఆ సంభాషణ మన మేలు కోరి చేసినది కాదు" అన్న మాటనే గుర్తించాలి. చాడీ విన్న మనిషి మొదట విచారించవలసింది కూడా ఆ మాటనే.