ఇంటి కప్పుపై సౌర విద్యుత్తు: శ్రీకాళహస్తి గృహ వినియోగదారులకు వర్తించు విధానము

శ్రీకాళహస్తి: తిరుపతి కేంద్రముగా గల దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ (ఎ.పి.ఎస్.పి.డి.సి.ఎల్.) పరిధిలోని ఈ పట్టణ గృహ వినియోగదారులు, 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన క్రింద కప్పుపై సౌర ఫలకాలు అమర్చుకొనవచ్చును.

ఫలకాలలో పుట్టిన డి.సి. విద్యుత్తును ఇన్వర్టరు ఎ.సి.గా మార్చును. ఇంటి వాడకము పోగా మిగిలినది గ్రిడ్డుకు చేరును. రాకపోకలు రెండింటిని నెట్ మీటరు నమోదు చేయును. ఒక కిలోవాట్‌కు సుమారు 10 చదరపు మీటర్ల నీడలేని చోటు అవసరము. ఎండ బాగున్న రోజున 4 యూనిట్ల వరకు ఉత్పత్తి కాగలదు. ఫలకాలు దక్షిణ ముఖముగా ఉండవలెను. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ఫలకముపై పడినను ఆ వరుస ఉత్పత్తి తగ్గవచ్చును. డాబాపై చోటు ఎంచుకొనునప్పుడు ఎక్కువగా పొరపాటు జరుగునది ఇచ్చటనే.

కేంద్ర సబ్సిడీ 1 కిలోవాట్‌కు రూ. 30,000, 2 కిలోవాట్లకు రూ. 60,000, 3 కిలోవాట్లు, ఆపైన రూ. 78,000. పథకము పేరులో ఉచితమను మాట ఉన్నను, తొలి పెట్టుబడి వినియోగదారుడే సొంతముగా గాని బ్యాంకు రుణముతో గాని సమకూర్చుకొనవలెను. వ్యవస్థ అమరి, పంపిణీ సంస్థ తనిఖీ పూర్తయిన పిమ్మటనే సబ్సిడీ ఖాతాలో జమ అగును. దేశీయ సెల్‌లతో తయారైన ఫలకాలకు మాత్రమే ఇది వర్తించును.

కరెంటు పోయినపుడు బ్యాటరీ లేని వ్యవస్థ, మిట్టమధ్యాహ్నమైనను, ఆగిపోవును. ఇది లోపము కాదు; లైనుపై పనిచేయు సిబ్బందికి ఇంటి నుండి విద్యుత్తు తగులకుండుటకు చేసిన ఏర్పాటు.