తిత్లీకి ముందు రెండు రోజులు

పెళ్లయిన ఆరేళ్లలో ఆయన అత్తవారి ఊరు చూసింది ఎంత? పలాసలో రాత్రి రైలు దిగడం, బావమరిది బండెక్కి ఊరు చేరడం, పండక్కి పెట్టిన బట్టలు కట్టుకోవడం, మర్నాడు సాయంత్రానికి మళ్లీ అదే ప్లాట్‌ఫారం మీద నిలబడడం. అంతే. పలాసకూ సముద్రానికీ మధ్య ఏముందో ఆయనకు తెలీదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆమె వజ్రపుకొత్తూరు మండలంలోని ఓ కొబ్బరితోటల పల్లెలో పుట్టిన పిల్ల. వీళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు.

2018లో ఆయన మనసు ఫ్రాన్సు మీదికి పోయింది. పారిస్ కాదు, పల్లెటూళ్లు. దోర్దోన్య్ నది పక్కన కారేసుకుని తిరగాలి, మధ్యయుగాల నాటి కోటలు, రాతి ఇళ్లు, చర్చిలు చూడాలి. 1982లో అక్కడి చిన్న ఊళ్ల మేయర్లు కలిసి ఓ సంఘం పెట్టుకున్నారు. జనాభా 2000 దాటకూడదు, కనీసం రెండు రక్షిత కట్టడాలుండాలి. ఇంకా చాలా పరీక్షలు నెగ్గితే ‘ఫ్రాన్సులోకెల్లా అందమైన ఊరు’ అని పొలిమేరలో బోర్డు పెట్టుకోవచ్చు. ఆ ఊళ్ల ఫొటోలు ఆయన ఫోన్ నిండా ఉన్నాయి. తీరా దసరా దగ్గరపడ్డాక ఆఫీసులో అంత సెలవు దొరకలేదు.

ఆమె ఆ ఫొటోలు ఒక్కొక్కటీ జరుపుతూ చూసింది. “పాత గుళ్లు, కోట, పక్కన ఏరు, వెనకాల కొండ. ఇవే కదండీ? మా వైపు పదండి. వీసా కూడా అక్కర్లేదు.”

ఎత్తిపొడుపో, ఆహ్వానమో ఆయనకు అర్థం కాలేదు. సరేనన్నాడు.

* * *

అక్టోబరు 9, మంగళవారం. బావమరిది కారు. స్టీరింగ్ ఆయన చేతిలో, దారి ఆమె నోట్లో.

టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునుడికి పైకప్పు లేదు. లింగం ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది. కప్పు వేయించబోతే స్వామి ఒప్పుకోలేదని ఊళ్లో చెప్తారు. “కార్తీక సోమవారం రండి, నిలబడ్డానికి చోటుండదు” అంది ఆమె. ఆ రోజు మాత్రం వీళ్లిద్దరూ, నెత్తిన ఎండా.

అక్కణ్నుంచి జలుమూరు మీదుగా శ్రీముఖలింగం. ఊరి మొదట్లోనే సోమేశ్వరుడి గుడి కనిపిస్తుంది. ముందు మండపమంటూ లేదు, గర్భగుడే నేలలోంచి నిలువునా శిఖరమై లేచింది. ఆయన కారాపి, తలుపు వేయడం కూడా మరిచిపోయి దాని చుట్టూ తిరిగాడు. ఈ ఆకారం ఆయనకు తెలుసు. భువనేశ్వర్‌లో చూశాడు, పూరీలో చూశాడు.

“ఇది ఒరిస్సా గుడి కదా?”

“ఇక్కడి వాళ్లే అక్కడికెళ్లి కట్టారండీ.”

ఆమె మాటలో అతిశయోక్తి కొంచెమే. వంశధార ఒడ్డున ఉన్న ఈ పల్లె ఒకప్పటి కళింగనగరం, తూర్పు గంగుల రాజధాని. మధుకేశ్వరాలయాన్ని 8వ శతాబ్దంలో కామార్ణవుడు కట్టించాడంటారు. 1078లో పట్టాభిషేకం చేసుకున్న అనంతవర్మ చోడగంగదేవుడు ఆ తర్వాత రాజధానిని కటకానికి మార్చాడు. పూరీ జగన్నాథుడి గుడి ఆయన తలపెట్టిందే. కోణార్క్ కట్టించిన నరసింహదేవుడూ ఆ వంశంవాడే. ఈ ఊరే కళింగనగరమని శాసనాలు చదివి వాదించినవాడు మన గిడుగు రామమూర్తి. 1863లో పుట్టింది ఈ పక్కనే ఉన్న పర్వతాలపేటలో. వాడుకభాష గిడుగుగానే ఆయన్ను తలుచుకుంటాం. పాత లిపిని తనంతట తాను నేర్చుకుని, ఈ గుడి గోడల ముందు నిలబడి అక్షరం అక్షరం విప్పిన పంతులుగారిని ఎందుకో అంతగా తలుచుకోం.

మధుకేశ్వరుడి గుడిలో ఆయన చాలాసేపు ద్వారబంధం దగ్గరే ఉండిపోయాడు. రాతిలో తీగ మెలికలు తిరుగుతూ పైకి పాకింది. వేలు పెట్టి దాని వెంబడే వెళ్లాడు, చేయి అందినంత ఎత్తు దాకా. లోపల లింగం చెక్కిన రాయి కాదని, ఇప్పచెట్టు మొదలే శిలయిందని ఇక్కడి నమ్మకం. మధూకమంటే ఇప్పచెట్టే. స్వామి వెనక పెద్ద మట్టి గోలెం. వాకిలి కంటే వెడల్పు. లోపలికెలా వచ్చిందన్న ప్రశ్నకు ఓ కుమ్మరి భక్తుడి కథ చెప్పారు పూజారి. కథ పూర్తయ్యేసరికి ఫోన్ ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తులేదు.

బయటికొచ్చాక అడిగాడు. “ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదేం?”

“మీరు మర్నాటికి టికెట్టు తీసుకునే వచ్చేవారు కదండీ.”

సాయంత్రం టెక్కలిలో టీ కొట్టు. గోడమీద టీవీ. బంగాళాఖాతంలో వాయుగుండం ఆ రోజే తుపానుగా మారింది, తిత్లీ అని పేరు పెట్టారు. టీ పోస్తున్నాయన తలెత్తకుండానే అన్నాడు. “గోపాలపూర్ పోద్దిలెండి. అన్నీ అటే పోతాయి.”

* * *

బుధవారం పొద్దున మందస. ఆకాశం మూసుకుంది గానీ వాన లేదు. వాసుదేవ పెరుమాళ్ గుడి వెనకాల మహేంద్రగిరి వరస మబ్బులో సగం మునిగి ఉంది. ఈ గుడి 700 ఏళ్ల నాటిదని ఊరివాళ్ల లెక్క. శిథిలమవుతుంటే చినజీయర్ స్వామి పూనుకుని బాగు చేయించారు. గుడి చూసి, జమీందారు కోట చూసి, మందస కోవా కొన్నారు. పాలకోవాల్లో దీని తర్వాతే ఏదైనా అని ఈ వ్యాసకర్త ఉద్దేశం, వాదనకు సిద్ధం.

కోట గోడ దగ్గర ఆమె ఇంకో కథ చెప్పింది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఆ వెంటనే ఏప్రిల్ 1న ఈ జమీందారీలోని గుడారి రాజమణిపురంలో, అడవి కలప మీద హక్కు కోసం నిలబడ్డ రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముందు నిలిచిన సాసుమాను గున్నమ్మ నేలకొరిగింది. “వీరగున్నమ్మ అంటే మాకు బడిలో పాఠం కాదండీ. మా నాన్నమ్మ చెప్పేది.”

మధ్యాహ్నం దాటాక బారువ. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు. ఒకనాటి రేవు. చిల్కా అనే పాత ఆవిరి ఓడ ఇక్కడి నీళ్ల అడుగునే ఉంది. సముద్రం అప్పటికే రంగు మార్చింది. మత్స్యకారులు తెప్పలను ఒడ్డెక్కించడమే కాదు, తోటల దాకా ఈడ్చుకుపోతున్నారు. ఈయన ఫోన్ తీసి ఫొటో కోసం ముందుకెళ్లాడు. భుజాన మోకు వేసుకున్న పెద్దాయన ఆగాడు.

“ఏటి బాబూ, ఈయేల సముద్రం సూడ్డానికొచ్చినారా?”

“తుపాను గోపాలపూర్ వైపని...”

“గాలి నాకు సెప్పింది వేరు. అమ్మని ఎక్కించుకుని ఎలిపోండి, సీకటి పడకముందే.”

ఆ గొంతులో గదమాయింపు లేదు. ఈయన మారుమాట్లాడకుండా కారు తిప్పాడు.

* * *

ఊరు చేరేసరికి మావగారు పెంకుల మీద కొబ్బరి మట్టలు పరిచి తాళ్లతో కడుతున్నారు. పశువుల పలుపులు విప్పేశారు. ఇంట్లో అందరి దిగులూ మాత్రం తుపాను గురించి కాదు. ఆమె చిన్నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. పలాస వెళ్లాలి. మర్నాడు గురువారం ఆయన వంతు.

ఉద్దానమనే ఈ తీరప్రాంతంలో డయాలసిస్ అన్న మాటకు వివరణ అక్కర్లేదు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. కారణమేమిటో తేల్చడానికి ఎన్నో బృందాలు వచ్చి నీళ్లూ మట్టీ పట్టుకెళ్లాయి. జబ్బు మాత్రం ఇక్కడే ఉంది.

అర్ధరాత్రి దాటాక గాలి లేచింది. స్లాబు వేసిన ఒక్క గదిలోకి అందరూ చేరారు. కరెంటు ఎప్పుడో పోయింది. మొదట రేకులు ఎగిరిన చప్పుడు, తర్వాత పెంకులు, ఆ తర్వాత ఏది ఏ చప్పుడో చెప్పలేనంత హోరు. వాతావరణ శాఖ లెక్క ప్రకారం తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తుపాను కన్ను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, ఆగి ఆగి 165 దాకా. తలుపును వెనక నుంచి ముగ్గురు మగాళ్లు వీపులతో నొక్కిపట్టారు. అందులో అల్లుడుగారు ఒకరు. ఆ చీకట్లో మావగారు ఒక్కో చప్పుడుకు ఒక్కో పేరు చెప్తున్నారు. “అది బావి దగ్గర సెట్టు... అది మీ అత్త నాటింది... అది పనస.”

తెల్లారాక బయటికొస్తే తోట లేదు. నిన్న ఆకాశం కనిపించని చోట ఇవాళ ఆకాశం తప్ప ఏమీ లేదు. కొబ్బరిచెట్లు కొన్ని వేళ్లతో లేచాయి, కొన్ని నడుముకు విరిగాయి. జీడిచెట్లు తలకిందులయ్యాయి. పలాస జీడిపప్పు దేశమంతా తింటుంది. దాని తోటలు ఇవే.

చిన్నాన్న అరుగు మీద కూర్చుని కాళ్లు చూసుకుంటున్నారు. వాపు మొదలైంది.

“రోడ్డు?” అన్నాడు ఈయన.

“రోడ్డేది బాబూ?” అన్నారు మావగారు.

కారు తీశారు. గొడ్డళ్లు, కత్తులు, మోకులు, ఊళ్లోని కుర్రాళ్లు. ఫర్లాంగు పోవడం, దిగడం, నరకడం, లాగడం. కొబ్బరి మొద్దు గొడ్డలికి లొంగదు, పీచు పీచుగా చీలి పిడినే తిప్పికొడుతుంది. ఈయన అరచేతులు మొదటి చెట్టుకే బొబ్బలెక్కాయి. తువ్వాలు చుట్టుకుని మళ్లీ పట్టాడు. ఓ చోట రోడ్డుకు అడ్డంగా నాలుగు చెట్లు, పక్కనే వాటి యజమాని గొంతుక్కూర్చుని ఉన్నాడు. నరకాలా వద్దా అని అందరూ ఆగారు.

“నరకండి” అన్నాడాయన. “మనిషి ఎల్లాల గదా.”

కరెంటు స్తంభాలు కూలిన దగ్గర కారు ఇక కదల్లేదు. చిన్నాన్నను నులకమంచం మీదికి చేర్చి నలుగురు ఎత్తుకున్నారు. పొలాల్లో మోకాలి లోతు నీళ్లు. ఆమె చెప్పులు చేత పట్టుకుని ముందు నడుస్తూ గట్టు ఎక్కడుందో చెప్పింది. చిన్నప్పుడు బడికెళ్లిన గట్టు అది. అల్లుడుగారి భుజం మంచం పట్టె కింద ఉంది. దారిలో ఒకే ఒక్క మాట అన్నాడట, “ఇంకెంత దూరం?” ఆమె జవాబివ్వలేదు. ఆ తర్వాత ఓ ట్రాక్టరు దొరికింది. చీకటి పడేవేళకు కాశీబుగ్గ, అక్కణ్నుంచి పలాస. రాత్రికి చిన్నాన్నను మిషన్ మీదికి ఎక్కించారు.

* * *

ఆ వారం ముఖ్యమంత్రి పలాసలోనే మకాం వేసి సహాయ పనులు చూశారు. పల్లెలకు కరెంటు తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. ఆయన సెలవు పొడిగించుకుని ఉండిపోయాడు. ఫ్రాన్సుకు దొరకని సెలవు దీనికి ఎలాగో దొరికింది.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి గొట్టాల ద్వారా తాగునీటి పథకమూ దానితోపాటే. అప్పటికి చిన్నాన్న లేరు. ఆ తోటలో కొత్తగా వేసిన కొబ్బరి మొక్కలున్నాయి. మంచి కాపు చూడాలంటే ఆరేడేళ్లు ఆగాలి.

పూరీ, కోణార్క్ అంటూ 16వ నంబరు జాతీయ రహదారి మీద దూసుకుపోయే తెలుగు కార్లకు ఒక మనవి. నరసన్నపేట, టెక్కలి, పలాస, మందస బోర్డులు కనిపించినప్పుడు ఒక్కసారి హైవే దిగండి. ముఖలింగంలో ఓ పూట ఉండండి, కాశీబుగ్గలో జీడిపప్పు కొనండి, ఆ డబ్బు ఈ తోటలకే చేరుతుంది. ఫైలిన్ తుపాను వచ్చింది 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. కాబట్టి ఆ నెలలో బయల్దేరేవాళ్లు వాతావరణ శాఖ బులెటిన్ చూసుకుని బయల్దేరండి.