పీవీ, ముస్లిం దేశాలు: టెహ్రాన్ దోస్తీ మీద తెగని పంచాయితీ

పీవీ నరసింహారావు పేరెత్తితే బాన్సువాడలో ఇప్పటికీ రెండు మాటలు వినిపిస్తాయి. మన తెలంగాణ బిడ్డ, దివాళా అంచున ఉన్న దేశాన్ని ఒడ్డుకు చేర్చినోడు అని ఒకరంటారు. బాబ్రీ మసీదు కూలుతుంటే చూస్తూ కూర్చున్నోడు అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటల నడుమ మూడో సంగతి ఒకటి ఉంది. దాన్ని మన దగ్గర ఎక్కువమంది పట్టించుకోలేదు. 1992 డిసెంబర్ 6న మసీదు కూలింది. పది నెలలు కూడా నిండకముందే, 1993 సెప్టెంబర్‌లో అదే పీవీ టెహ్రాన్‌లో దిగారు. ఇరాన్‌లో ఇస్లామిక్ విప్లవం వచ్చిన తర్వాత ఆ దేశం వెళ్లిన మొదటి భారత ప్రధాని ఆయనే. అక్కడి ప్రభుత్వం ఆయనను గౌరవంగా ఆహ్వానించింది. ఆర్నెల్లు తిరగకుండానే ఆ దోస్తీ కశ్మీర్ విషయంలో భారత్‌కు పనికొచ్చింది.

ఇంట్లో ముస్లింల నమ్మకం పోగొట్టుకున్న నాయకుడు బయట ముస్లిం దేశాల నమ్మకం ఎట్లా సంపాదించారు? ఈ ప్రశ్న మీద ముప్పై ఏళ్లుగా వాదం నడుస్తూనే ఉంది. దాని వెనుక ఉన్న చరిత్ర తెలియకుండా వాదిస్తే అది తెగేది కాదు.

రబాత్ నుంచి మొదలైన కథ

ముస్లిం దేశాలతో భారత్ సంబంధాల మీద రాజకీయ రచ్చ పీవీతో మొదలైంది కాదు. 1969 ఆగస్టులో జెరూసలేంలోని అల్ అక్సా మసీదుకు నిప్పు పెట్టారు. దాని మీద మాట్లాడుకోవడానికి సెప్టెంబర్‌లో మొరాకో రాజధాని రబాత్‌లో ముస్లిం దేశాల సదస్సు పెట్టారు. ఇప్పటి ఇస్లామిక్ సహకార సంస్థ, అంటే ఓఐసీ, అక్కడే పుట్టింది. కోట్లాది ముస్లింలున్న దేశంగా భారత్‌కూ పిలుపు వచ్చింది. ఇందిరాగాంధీ ప్రభుత్వం మంత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ నాయకత్వంలో బృందాన్ని పంపింది. పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ అడ్డం తిరిగారు. భారత్ కూర్చుంటే తాను కూర్చోనన్నారు. అప్పుడే అహ్మదాబాద్‌లో మత కల్లోలాలు నడుస్తున్నాయి, అది ఆయనకు కలిసొచ్చింది. చివరికి మన బృందాన్ని బయటే ఉంచేశారు.

ఢిల్లీలో ప్రతిపక్షం ఊరుకోలేదు. సెక్యులర్ దేశానికి మతం పేరుతో పెట్టిన సదస్సులో ఏం పని అని జనసంఘ్ వాళ్లు, స్వతంత్ర పార్టీ వాళ్లు నిలదీశారు. పార్లమెంటులో ప్రభుత్వం మీద తీర్మానం కూడా తెచ్చారు, అది నెగ్గలేదు. కాని ఆ రోజు వేసిన ప్రశ్న మాత్రం అట్లనే ఉండిపోయింది: ముస్లిం దేశాల దగ్గరికి భారత్ ఏ హోదాలో పోతుంది? చమురు కొనే దేశంగానా, కార్మికులను పంపే దేశంగానా, లేక ముస్లిం పౌరులున్న దేశంగానా?

పీవీ చేసిన లెక్క

పీవీ విదేశాంగానికి కొత్త కాదు. 1980 నుంచి 1984 దాకా ఒకసారి, 1988–89లో ఇంకోసారి విదేశాంగ మంత్రిగా పనిచేశారు. నిజాం రాజ్యంలో చదువుకున్నవారు, ఉర్దూ బాగా వచ్చు. ఆయన మొదటిసారి మంత్రిగా ఉన్నప్పుడే, 1980లో, భారత్ పాలస్తీనా విమోచన సంస్థకు పూర్తి దౌత్య హోదా ఇచ్చింది. అదే ఏడాది ఇరాన్, ఇరాక్ యుద్ధం మొదలైంది. బాగ్దాద్‌లో జరగాల్సిన అలీన దేశాల శిఖరాగ్ర సభ ఆ యుద్ధం వల్లనే 1983లో ఢిల్లీకి మారింది. రెండు ముస్లిం దేశాలు కొట్టుకుంటుంటే మధ్యలో నిలబడి ఇద్దరితోనూ మాట చెడకుండా చూసుకోవడం ఎట్లనో ఆయన అప్పుడే నేర్చుకున్నారు.

1991 జూన్‌లో ప్రధాని అయ్యేసరికి పరిస్థితి వేరు. ముందటి ఏడాది సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించడంతో చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే పైసలు తగ్గాయి. 1,70,000 మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చుకోవాల్సి వచ్చింది. విదేశీ మారకం అడుగంటింది, బంగారం కుదువ పెట్టే దాకా పోయింది. ఇంకోవైపు సోవియట్ యూనియన్ పడిపోయింది. అమెరికా ఒక్కటే పెద్దన్న.

ఆ సమయంలో పీవీ వేసిన మొదటి పెద్ద అడుగు ముస్లిం దేశాల వైపు కాదు, ఇజ్రాయెల్ వైపు. 1991 డిసెంబర్‌లో ఐక్యరాజ్య సమితిలో, జియోనిజాన్ని జాతివివక్షతో సమానం చేసిన 1975 నాటి తీర్మానాన్ని రద్దు చేయడానికి భారత్ ఓటేసింది. 1992 జనవరి 29న ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ప్రకటించింది. 1950లోనే గుర్తించినా నలభై ఏళ్లు రాయబారిని పంపని దేశం అది.

ఇక్కడ పీవీ పనితీరు చూడాలి. ప్రకటనకు కొద్ది రోజుల ముందే యాసర్ అరాఫత్‌ను ఢిల్లీకి పిలిచారు. రాయబారులను మార్చుకోవడం భారత్ సొంత నిర్ణయం అన్న అర్థం వచ్చేలా అరాఫత్ చేతనే మాట్లాడించారు. పాలస్తీనా నాయకుడే అభ్యంతరం లేదన్నాక అరబ్ రాజధానులు గట్టిగా ఏమనగలవు? కాంగ్రెస్‌లోనే కొందరికి ఇది నచ్చలేదు. ముస్లిం ఓటర్లు దూరమవుతారని మంత్రివర్గంలో అర్జున్ సింగ్ వంటివారు హెచ్చరించినట్టు అప్పటి విదేశాంగ కార్యదర్శి జె.ఎన్. దీక్షిత్ రాసుకున్నారు. కమ్యూనిస్టులు బహిరంగంగానే వ్యతిరేకించారు. జనసంఘ్ కాలం నుంచి ఇదే కోరుతున్న బీజేపీ మాత్రం సంతోషించింది.

ఆ హెచ్చరికలో ఒక అవమానం కూడా ఉంది, అది చెప్పుకోవాలి. ఇజ్రాయెల్‌తో సంబంధం తప్పా ఒప్పా అన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. దాన్ని దేశంలోని ముస్లింల ఓట్ల లెక్కగా మార్చింది ముస్లింలు కాదు, ఢిల్లీలో కూర్చున్న పెద్దలు.

డిసెంబర్ 6 తర్వాత

ఆ ఏడాది చివర్లో అయోధ్య జరిగింది. దేశమంతా అల్లర్లు. ముస్లిం దేశాల నుంచి నిరసనలు వచ్చాయి, ఓఐసీ ఖండించింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో గుళ్ల మీద దాడులు జరిగాయి, అక్కడి హిందువులు ఆ కోపానికి బలయ్యారు. మసీదును తిరిగి కట్టిస్తామని పీవీ చెప్పారు. అది జరగలేదు. కూల్చివేత మీద 1992 డిసెంబర్ 16న వేసిన లిబర్హాన్ కమిషన్ 2009 జూన్ 30న గాని నివేదిక ఇవ్వలేదు. అప్పటికి పీవీ చనిపోయి నాలుగేళ్లు దాటింది.

బయట మాత్రం ఆయన ఆగలేదు. 1993 మేలో ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ వెళ్లారు. సోవియట్ నుంచి విడిపోయిన ఆ ముస్లిం దేశాల్లో పాకిస్తాన్ కంటే ముందు కాలు పెట్టాలన్నది లెక్క. అదే నెల ఇజ్రాయెల్ విదేశాంగ మంత్రి షిమోన్ పెరెజ్ ఢిల్లీ వచ్చారు. సెప్టెంబర్‌లో టెహ్రాన్ యాత్ర. ఇజ్రాయెల్‌ను బద్ధశత్రువుగా చూసే ఇరాన్‌తో, పెరెజ్ వచ్చిపోయిన నాలుగు నెలలకే చేయి కలపడం మామూలు విషయం కాదు.

ఇరాన్ ఎందుకు ఒప్పుకుంది? భారత ముస్లింల మీద దాని ప్రేమ తగ్గిందని కాదు. ఎనిమిదేళ్ల యుద్ధంతో అది అలిసిపోయింది, అమెరికా దాన్ని ఏకాకిని చేస్తోంది. చమురు కొనేవాడు కావాలి, ఆసియాలో తోడు కావాలి. భారత్‌కేమో పాకిస్తాన్‌ను దాటి మధ్య ఆసియాకు చేరాలంటే ఇరాన్ గడ్డే దారి. అధ్యక్షుడు రఫ్సంజానీకి, పీవీకి ఈ లెక్క ఇద్దరికీ అర్థమైంది. మన వాడల్లో 'ముస్లిం ఉమ్మత్' అనుకునేది వేరు, దేశాలు నడిచే తీరు వేరు. ఈ సంగతి చేదుగా ఉన్నా ఇరాన్ అప్పుడే చూపించింది.

జెనీవాలో ఏం జరిగింది

1994 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జెనీవాలో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిషన్ కూర్చుంది. కశ్మీర్‌లో హక్కుల ఉల్లంఘన మీద భారత్‌ను తప్పుపట్టే తీర్మానాన్ని ఓఐసీ అండతో పాకిస్తాన్ తెచ్చింది. అది నెగ్గితే వ్యవహారం ఇంకా పైకి పోయే ప్రమాదం ఉందని ఢిల్లీ భయపడింది.

పీవీ రెండు పనులు చేశారు. జెనీవా బృందానికి ప్రతిపక్ష నేత అటల్ బిహారీ వాజ్‌పేయీని నాయకుడిని చేశారు. పక్కన విదేశాంగ సహాయ మంత్రి సల్మాన్ ఖుర్షీద్‌ను, కశ్మీర్ నాయకుడు ఫరూఖ్ అబ్దుల్లాను పంపారు. రెండో పని ఎవరికీ కనబడకుండా జరిగింది. జబ్బుతో ఆస్పత్రిలో ఉన్న విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్‌ను లేపి, తన ఉత్తరం చేతికిచ్చి టెహ్రాన్ పంపించారు. రఫ్సంజానీ మాటిచ్చారు. ఓఐసీలో అందరూ ఒక్కమాట మీద ఉంటేనే తీర్మానానికి బలం. ఇరాన్ పక్కకు జరిగేసరికి ఆ ఐక్యత పోయింది. చైనా కూడా పాకిస్తాన్‌కు వెనక్కి తగ్గమని సలహా ఇచ్చింది. మార్చి 9న పాకిస్తాన్ తన తీర్మానాన్ని ఓటుకు పెట్టకుండానే వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రఫ్సంజానీ ఢిల్లీ వచ్చారు.

దీన్ని పీవీ గొప్ప విజయంగా దౌత్యవేత్తలు ఇప్పటికీ చెప్పుకుంటారు. విజయమే. కాని దాన్ని మూడు వైపుల నుంచి విమర్శించినవాళ్లున్నారు. టెహ్రాన్ నోరు మూయించినంత మాత్రాన కశ్మీర్‌లో జరిగినవి జరగకుండా పోలేదు కదా అని హక్కుల సంఘాలు అడిగాయి. బాబ్రీ ఉద్యమం నడిపిన పార్టీ నేతను దేశం గొంతుగా నిలబెట్టి, ముస్లిం ముఖాలను పక్కన చూపించి ప్రపంచానికి సెక్యులరిజం పాఠం చెప్పడమేంటని ముస్లిం మేధావుల్లో కొందరన్నారు. ఇటు హిందుత్వ వాదులేమో, ఇరాన్ ముందు చేయి చాచాల్సిన అవసరం ఏమొచ్చింది, ఇజ్రాయెల్‌తో ఇంకా గట్టిగా నడవాల్సింది అన్నారు. నా మట్టుకు రెండో విమర్శే బరువైనది. వాజ్‌పేయీని పంపడం తెలివైన ఎత్తు అనడంలో సందేహం లేదు. కాని ఎత్తు ఎంత తెలివైనదైనా, టాడా కింద జైళ్లలో ఉన్నవాళ్లకు, ముంబై అల్లర్లలో ఇల్లు కాలిపోయినవాళ్లకు అది జవాబు కాలేదు. టాడా గడువు 1995 మేలో తీరిపోయేదాకా నడిచింది.

ఇక్కడి లెక్క

1994 డిసెంబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎన్నికలొచ్చాయి. ప్రధాని సొంత రాష్ట్రంలో కాంగ్రెస్ 26 సీట్లకు పడిపోయింది. బాన్సువాడలో తెలుగుదేశం తరఫున పోచారం శ్రీనివాస్‌రెడ్డి గెలిచారు. ఆ ఎన్నికలో రెండు రూపాయల బియ్యం, సారా నిషేధం గురించి మాట్లాడుకున్నారు గాని జెనీవా సంగతి ఎవరెత్తుతారు? ముస్లిం వాడల్లో మాత్రం బాబ్రీ కోపం ఓటులో కలిసింది.

అదే పోచారం అసెంబ్లీ స్పీకర్‌గా ఉన్నప్పుడు, 2020 సెప్టెంబర్ 8న, పీవీకి భారతరత్న ఇవ్వాలని తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. మజ్లిస్ సభ్యులు దూరంగా ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం భారతరత్న ప్రకటించింది. ప్రకటించింది కాంగ్రెస్ ప్రభుత్వం కాదు, మోదీ ప్రభుత్వం. బిరుదు వచ్చినప్పుడు ఆర్థిక సంస్కరణల గురించి చెప్పారు. టెహ్రాన్ గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

పీవీ దౌత్యంలో మన ప్రాంతానికి తగిలే అసలు లోటు మాత్రం వేరే ఉంది. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి హిందువులు, ముస్లింలు అని లేకుండా దుబాయ్, సౌదీ, కువైట్ పోయినోళ్లు వేలల్లో ఉన్నారు. ఇందిరాగాంధీ 1981లో యూఏఈ, కువైట్ వెళ్లారు, 1982లో సౌదీ వెళ్లారు. ఆ తర్వాత సౌదీకి ఒక భారత ప్రధాని పోయింది 2010లో, మన్మోహన్ సింగ్. యూఏఈకి 2015లో, కువైట్‌కు 2024 డిసెంబర్‌లో, ఆ రెండుసార్లూ మోదీ. అంటే పీవీ ఐదేళ్లలో మన కూలీలు చెమటోడ్చిన ఈ మూడు దేశాల్లో ఏ ఒక్కదానికీ ప్రధాని హోదాలో ఆయన పోలేదు. ముస్లిం ప్రపంచం అంటే ఆయనకు అరాఫత్, రఫ్సంజానీ, తాష్కెంట్, టెహ్రాన్. షార్జాలో ఇరుకు గదిలో పన్నెండు మంది పడుకునే కార్మికుడు ఆ పటంలో లేడు.

వాదం ఇప్పుడు పేర్లు మార్చుకుని నడుస్తోంది. 2019లో ఓఐసీ సమావేశానికి సుష్మా స్వరాజ్ గౌరవ అతిథిగా అబుదాబి వెళ్లారు, ఈసారి కోపంతో రాకుండా ఉండిపోయింది పాకిస్తాన్ మంత్రి. 2022 జూన్‌లో ప్రవక్త గురించి బీజేపీ ప్రతినిధి చేసిన వ్యాఖ్యల మీద ఖతార్ మన రాయబారిని పిలిపించినప్పుడు, తెలుగువాడైన ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు అదే దోహాలో ఉన్నారు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత పంపిన అఖిలపక్ష బృందంలో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ బహ్రెయిన్, కువైట్, సౌదీ, అల్జీరియా తిరిగి వచ్చారు. ఇంట్లో ప్రభుత్వంతో కొట్లాట వేరు, బయట దేశం మాట వేరు అన్నది ఆయన వాదన. సల్మాన్ ఖుర్షీద్‌ను జెనీవా పంపినప్పుడు లేచిన ప్రశ్నే మళ్లీ లేచింది.

తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అదే ఏడాది డిసెంబర్‌లో కువైట్‌లో ప్రధాని ఒక కార్మికుల క్యాంపుకు వెళ్లి వాళ్లతో కూర్చుని మాట్లాడారు. ఒక భారత ప్రధాని కువైట్ గడ్డ మీద కాలు పెట్టడానికి 43 ఏళ్లు పట్టింది.